గెడ్డ దాటిన ఘటం

ఆ పూట కూడా దాలమ్మ గేదెతోనే మాట్లాడింది.

"తినే తల్లీ, తిను. నీకేటి, నోరుంది గానీ మాట నేదు. మాటున్నోలు ఏటి సేస్తన్నారో సూస్తన్నావు కదా," అంటూ దాని ముందు పచ్చగడ్డి విసిరింది.

పెరటి గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడ్డ కోడలు రేఖకి ఆ మాట తిన్నగా వచ్చి తగిలింది. తగలాలనే కదా అన్నది! ఆదివారం నుంచీ ఇదే వరస. ఇంట్లో మనుషులున్నారన్న సంగతే దాలమ్మ మరిచిపోయింది. కూరేం వండాలో గేదెకి చెబుతుంది. మోటారు కట్టమని గేదెకి చెబుతుంది. బీపీ బిళ్ళ వేసుకున్నానని కూడా గేదెకే చెబుతుంది. ఇంట్లోవాళ్ళు ఎవరికి కావలసిన సంగతి వాళ్ళు దాని పక్కన నిలబడి ఏరుకోవాలి.

"అత్తా, కాపీ సల్లారిపోతంది," అంది రేఖ.

దాలమ్మ పేడతట్ట ఎత్తుతూ గేదె వైపు తిరిగింది. "నాకొద్దని సెప్పు."

"ఎన్నాళ్ళే ఈ తంతు?" అంటూ జగన్నాధం పంచె ఎగ్గట్టుకుని పెరట్లోకి వచ్చాడు. పెద్దాయన నిదానస్తుడే గానీ, భార్య మాట్లాడకపోతే మాత్రం అన్నం సహించదు. "కోడలు నీ గురించి మంచే కదే సెప్పింది! లోకమంతా ఇనేలాగ సెప్పింది. రాజాం నుంచి మీ అన్న ఫోన్ సేసి మా సెల్లి అంతటిది ఇంతటిదని ఒకటే మురిసిపోతన్నాడు. పొగిడితే మొహం మాడ్సుకున్న ఆడదాన్ని నా జన్మలో సూడనేదు!"

"సూడు మరి," అంది దాలమ్మ. అదీ గేదె వైపు చూసే.

"నాను తప్పు మాట్లాడితే సెప్పత్తా. కొట్టినా పడతాను. ఇలగ మాటాడకుండా ఉంటే నాకు రాత ముందుకు పోడం నేదు."

రాత అన్న మాట వినగానే దాలమ్మ చెయ్యి ఆగింది. ఆ ఇంట్లో రేఖ రాతంటే అందరికన్నా ముందు ముచ్చటపడింది దాలమ్మే. కోడలు కాగితాల ముందు కూర్చుంటే పొయ్యి తనే చూసుకునేది, వచ్చినవాళ్ళని అరుగు మీదే కూర్చోబెట్టి సాగనంపేది. అలాంటి మనిషి ఇప్పుడు కోడలి మొహం కూడా చూడడం లేదు. రేఖకి ఏడుపొచ్చినంత పనయింది.

"ఇంకో మాట కూడా ఇనే తల్లీ," దాలమ్మ గేదె మెడ నిమిరింది. "రేపు అమ్మోరి ఘటం నానెత్తను."

జగన్నాధం చేతిలోని వేపపుల్ల జారి కింద పడింది.

గెడ్డవలసలో బంగారమ్మ తల్లి పండగంటే ముందు లేవాల్సింది ఈ ఇంటి ఘటమే. పసుపు రాసిన కుండ, దాని మీద మూకుడులో దీపం, దాన్ని నెత్తిన పెట్టుకుని ఈ ఇంటి కోడలు ముందు నడవాలి. ఊళ్ళో మిగతా ఘటాలన్నీ వెనక రావాలి. ఎప్పటి హక్కో ఎవరికీ తెలీదు. దాలమ్మ కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ కుండ ఆవిడ నెత్తి మీదే ఉంది. ఇన్నేళ్ళూ నడుం నొప్పన్నా, జ్వరమన్నా ఎత్తడం మానలేదు. ఇవాళ గేదె దగ్గర నిలబడి ఎత్తనంటోంది!

"ఓలమ్మో! ఊరు ఊరుకుంటాదా?" అన్నాడు జగన్నాధం.

దాలమ్మ తట్ట ఎత్తుకుని సాగిపోయింది. గేదె మాత్రం చెవులాడించింది.

*

అరుగు మీద మంతనాలు మొదలయ్యాయి. రేఖ భర్త రమేష్‌బాబు పండగ సరుకులకని చీపురుపల్లి వెళ్ళి తప్పించుకున్నాడు. మిగిలింది జగన్నాధం, రేఖ, తొమ్మిదో తరగతి చదివే మనవరాలు సుహాసిని. సుహాసిని చేతిలో ఫోను, ఫోనులో ఆదివారం వచ్చిన రేఖ ఇంటర్వ్యూ వీడియో.

"పుస్తకం అట్ట మీద సింగిణి బొమ్మ జుట్టు ఇరబోసుకుని ఉన్నాది కదా," జగన్నాధం తన అనుమానం బయటపెట్టాడు. "అది తన బొమ్మే అనుకుని కోపమొచ్చిందేమో మీ నాయనమ్మకి."

"అబ్బే, ఆ బొమ్మంటే నాయనమ్మకి ఎంత ఇష్టమో! కత్తిరించి దేవుడి పటాల పక్కన పెట్టింది కదా తాతా."

సింగిణి రేఖ పుస్తకాల్లోని పిల్ల. నెత్తిన దీపం పెట్టుకుని, అగ్గేరు అనే నిప్పుల నదిని దాటే పదిహేనేళ్ళ పిల్ల. రెండు భాగాలు వచ్చాయి. విజయనగరం బళ్ళలో ఆడపిల్లలు జుట్టు సింగిణిలా విరబోసుకుంటున్నారని విని రేఖ నాలుగు రోజులు నేల మీద నడవలేదు. మూడో భాగం అచ్చుకి వెళ్ళబోతోంది. దాని మొదటి పేజీలో 'మా అత్తకి' అని వేయించాలని కూడా అనుకుంది.

"ఇంకోపాలి ఎయ్యే, సూద్దాం. ఎక్కడో ఏదో దొరక్కపోదు," అన్నాడు తాత.

సుహాసిని వీడియో నొక్కింది. తెర మీద రేఖ, పొందూరు చీర కట్టుకుని, ఇంటి భాషంతా ఇంటి దగ్గరే వదిలేసి, పుస్తకాల భాషలో మాట్లాడుతోంది.

'మా అత్త కొత్త కోడలిగా ఉన్నప్పుడు అమ్మవారి పండగ రోజునే గెడ్డ పొంగింది. తోటి ఆడవాళ్ళంతా వెనక్కి తగ్గారు. మా అత్త ఒక్కతే నెత్తి మీద ఘటంతో, ఘటం మీద దీపంతో నీళ్ళలోకి దిగి అవతలి ఒడ్డుకి చేరింది. దీపం ఆరలేదు. మా ఊళ్ళో ఇప్పటికీ గెడ్డ దాటిన దాలమ్మ అంటారు. నా సింగిణి అక్కడే పుట్టింది.'

"బంగారంలాటి మాటలు," అన్నాడు జగన్నాధం. "ఇందులో కోపానికేటున్నాది?"

వీడియో ఇంకా అయిపోలేదు. అడిగే అమ్మాయి నవ్వుతూ, 'మరి మీ అమ్మగారి ప్రభావం?' అంది.

తెర మీద రేఖ కూడా నవ్వింది. 'అమ్మ పాపం చాలా భయస్తురాలు. రోడ్డు దాటాలన్నా ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోవాలి. ఎవరైనా గొంతు పెంచితే తలుపు వెనక్కి వెళ్ళిపోతుంది. చిన్నప్పుడు నాకు సిగ్గేసేది. మా అమ్మలాంటి ఆడది నా కథల్లో ఉండకూడదని అప్పుడే అనుకున్నాను.'

సుహాసిని ఫోను ఆపేసింది.

"అమ్మా, అమ్మమ్మ గురించి అలగ అనకుండా ఉండాల్సింది," అంది మెల్లిగా.

రేఖకి తల కొట్టేసినట్టయింది. నవ్వుతూ అనేసిన మాట! అన్నప్పుడు ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చిందో, ఇప్పుడు వింటుంటే అంత బరువుగా ఉంది. అత్త అలిగిందని ఇన్నాళ్ళూ బెంగపెట్టుకుంది గానీ, అమ్మ ఏమనుకుంటుందోనని ఒక్కసారైనా ఆలోచించలేదు.

"అమ్మమ్మ సూసిందంటావా?"

"మన బొబ్బిలి గ్రూపులో నేనే పెట్టాను కదా. నీలం టిక్కులు పడ్డాయి. ఏమీ రాయలేదు."

సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగింది. పండగకి పిలిచిన బొబ్బిలి వియ్యపురాలు, రేఖ తల్లి పార్వతీదేవి, ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో చేగోడీల డబ్బా పట్టుకుని, దిగాలా వద్దా అన్నట్టు ఆటోలోనే కూర్చుని ఉంది.

"కుక్క ఉన్నాదేటమ్మా?" అంది లోపలి నుంచే.

"మనకి కుక్క ఎప్పుడుందే అమ్మా," అంటూ రేఖ పరుగెత్తింది.

పార్వతీదేవి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని దిగింది. ఆటో వెనక్కి తిరిగి వెళ్ళేదాకా గోడకి అంటుకుని నిలబడింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే కళ్ళు తిరిగాయంది. రాజాం దగ్గర డ్రైవరు మరీ జోరుగా తోలాడంది. గెడ్డ వంతెన మీద నీళ్ళ చప్పుడికి కళ్ళు మూసేసుకున్నానంది. అరుగు ఎక్కి అన్నీ చెప్పాక కూతురి మొహం చూసి చిన్నగా నవ్వింది.

"వీడియోలో బాగా మాటాడినావమ్మా. ఆ సీర నీకు బాగున్నాది."

అంతే! దెప్పిపొడుపు లేదు, కంట తడి లేదు. ఒక్క తిట్టు తిట్టినా రేఖ తట్టుకునేది. చీర బాగుందనేసరికి తల్లి మొహం చూడలేక సంచీ అందుకుంది.

"అమ్మా, నీ గురించి..."

"ఉన్నమాటే కదమ్మా," అని పార్వతీదేవి చేగోడీల డబ్బా మనవరాలి చేతిలో పెట్టింది. "కరకరలాడతన్నాయో నేదో సూడే గుంటా."

*

"ఏటి ఉన్నమాట?"

అందరూ ఉలిక్కిపడ్డారు. దాలమ్మ నడవ గుమ్మంలో నిలబడి ఉంది. ఆదివారం తర్వాత ఆవిడ నోట మనిషికి చెప్పిన మొదటి మాట అది. ఆనందపడాలో హడలిపోవాలో తెలీక జగన్నాధం మధ్యస్థంగా నోరు తెరిచాడు.

"బాగున్నావా వదినా?" అని పార్వతీదేవి రెండడుగులు వెనక్కి వేసింది. అలవాటు ప్రకారం వీపుకి తలుపు తగిలింది.

"నా బాగు తరవాత. నీ కూతురు అన్నాదే, ఆ మాట. ఏటి అందులో ఉన్నమాట? సెప్పు."

"నాను భయస్తురాలినే కదా వదినా."

"మరి నాను? నాను ధైర్యస్తురాలినా?"

పార్వతీదేవి మొహం పాలిపోయింది. "వద్దొదినా. పిల్లలున్నారు. అమ్మోరి మీద ఒట్టేసినావు."

"ఒట్టు ఏయించుకున్నది నువ్వు. మోసింది నాను. ఇన్నేళ్ళూ ఊరు నన్ను దాలమ్మ దాలమ్మని నెత్తిన పెట్టుకుంటే సిగ్గులేకండా ఊరుకున్నాను, నీ పెళ్ళి సెడిపోతాదనీసి. పెళ్ళయ్యాక నీ సంసారం సెడిపోతాదనీసి. ఇప్పుడు నీ కడుపున పుట్టిందే లోకం ముందర కూకుని, అమ్మ పనికిరాదు, అత్త సింగిణి అంటే... నానెలాగ ఊరుకునీది?"

"ఏటే ఇది?" జగన్నాధం అడ్డొచ్చాడు. "నాకర్థమయీలాగ సెప్పు."

"అత్తా," అంది రేఖ. "ఆ రోజు గెడ్డ కాడ ఏటయ్యింది?"

దాలమ్మ గుమ్మం మీద కూలబడింది. కోపం దిగాక ఆవిడ మొహంలో అలసట కనిపించింది.

"దిగినాను. దిగలేదనను. డప్పులోలు ముందే దాటీసి గుడి కాడికి ఎల్పోనారు. ఆడోలు వానకీ నీళ్ళకీ జడిసి ఎనక్కి ఎల్పోనారు. సగానికి ఎల్లేసరికి నీళ్ళు నడుం మీదకి వొచ్చీసినాయి. అంతే, కాలు కదల్నేదు. ముందుకీ పోనేను, ఎనక్కీ రానేను. సేతులు వొణికిపోతన్నాయి. ఘటం పడిపోతాది, దాంతోపాటు నానూ పోతానన్నుకున్నాను. అప్పుడు ఎనకాల మాటినబడింది. ఎవులనుకున్నావు? ఇదిగో, ఈ భయస్తురాలు! పెళ్ళి కాని గుంట. పండగ సూడ్డానికి పిన్నమ్మింటికి వొచ్చింది. దీపం తడిసిపోకండా నాకు గిడుగు ఇచ్చి రమ్మని దాన్ని పంపించినారు."

గిడుగంటే తాటాకుల గొడుగు. వానలో పొలం పనికి నెత్తిన వేసుకునేది.

"గిడుగిచ్చి ఎల్పోవచ్చు కదా? నీళ్ళలోకి దిగిపోనాది! గిడుగు దీపం మీద పట్టమని నా సేతికిచ్చి, నా నెత్తి మీది ఘటం తన నెత్తి మీదకి తీసీసుకున్నాది. ఓ సేత్తో కుండ, ఓ సేత్తో నా రెక్క. ఏడుస్తానే ఉన్నాది. అమ్మా భయమేస్తంది, అమ్మా భయమేస్తంది అని బిగ్గరగా ఏడుస్తానే నన్ను అవతలికి ఈడ్సుకెల్లిపోనాది. దీపం ఆర్నేదు, నిజమే. ఆరకండా మోసింది మీ యమ్మ."

సుహాసిని నోట్లోని చేగోడీ నోట్లోనే ఉండిపోయింది.

జగన్నాధం మెల్లిగా కూర్చున్నాడు. ఊరి కట్టుబాటు ఆయనకి తెలుసు. ఈ ఇంటి ఘటం పరాయి ఇంటి ఆడది ముడితే పండగ ఆపెయ్యాలి. ముట్టిన పిల్లని ఊరి మధ్య నిలబెట్టి తప్పు కట్టించాలి. ఆ పైన ఆ పిల్లని ఎవరు చేసుకుంటారు?

"ఒడ్డెక్కినాక మళ్ళీ నా నెత్తి మీదెట్టింది," అంది దాలమ్మ. "ఎవులికీ సెప్పకొదినా అని కాళ్ళట్టుకున్నాది. ఆ ఏడు అమ్మోరికి కోపమొచ్చిందేటి? వరి ఇరగ పండలేదూ? అయినా నానెవులికీ సెప్పనేదు. దానికి కూతురు పుట్టిందనినాక మాత్రం, ఎప్పటికైనా ఆ గుంట నా ఇంటికే రావాలనుకున్నాను."

రేఖకి ఇప్పుడు అర్థమైంది. అన్ని సంబంధాలు కాదని అత్త బొబ్బిలి వచ్చి, మీ పిల్లనిస్తేనే లేస్తానని వాళ్ళింట్లో పీట వేసుకుని కూర్చోవడం ఎందుకో. అప్పట్లో తన చదువు చూసి మెచ్చిందనుకుని ఎంత పొంగిపోయింది!

తల్లి వైపు తిరిగింది. పార్వతీదేవి తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా తలుపు చాటున నిలబడి కొంగు నలుపుకుంటోంది.

"అమ్మా, అంత భయమేస్తుంటే ఎందుకు దిగినావే?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న పార్వతీదేవిని ఎవరూ అడగలేదు.

"మీ అత్త సేతులు వొణకడం సూసినానమ్మా. దిగినప్పుడే వొణుకుతన్నాయి. మిగతావోలు తల్లి పూనకమొచ్చిందనుకుని ఎల్పోనారు. నా సేతులెప్పుడూ వొణుకుతాయి కదా, నాకు తెలుసును అది భయమనీసి. తెలిసినాక ఎలాగ వొదిలీడం?"

రేఖ వెళ్ళి తల్లిని వాటేసుకుంది. సిగ్గూ, గర్వమూ, ఏడుపూ అన్నీ ఒక్కసారే వచ్చాయి. మూడు భాగాలు రాసింది. సింగిణి నిప్పుల్లో నడిచింది, కొండచిలువతో పోట్లాడింది, ముగ్గురు రాజుల్ని ఓడించింది. ఒక్క పేజీలో కూడా భయపడలేదు. ఎంత పొరపాటు! అసలు పిల్లని తన కథలోంచి తనే వెళ్ళగొట్టింది.

"నన్ను క్షమించమ్మా. అందరి ముందర అన్నాను. అందరి ముందరే సరిదిద్దుకుంటాను."

"ఊరుకో. పండగపూట ఏడుపేటి," అని తల్లి ఆమె కళ్ళు తుడిచింది.

"అమ్మా, పుస్తకం అప్పుడే పంపించకు," అంది సుహాసిని, చేగోడీ మింగి. "సింగిణికి భయమేస్తే ఇంకా బాగుంటది."

దాలమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. "కాపీ ఏదే?" అంది కోడలితో. కోడలితోనే! రేఖ కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పరిగెత్తి వేడివేడిగా తెచ్చి ఇచ్చింది. దాలమ్మ గ్లాసు అందుకుని వియ్యపురాల్ని పక్కన కూర్చోబెట్టుకుంది. ఇల్లు ఇల్లులా అయింది. పెరట్లో గేదె ఒకసారి అరిచింది, తనని ఎవరూ పలకరించడం లేదని కాబోలు.

*

ఆ సుఖం కాఫీ అయ్యేదాకా కూడా ఉండలేదు. వీధిలో డప్పు వినపడింది. పండగ పెద్ద ఎర్రన్న, వెనక నలుగురు మనుషులు వచ్చి వాకిట్లో ఆగారు. డప్పు మాత్రం మోగుతూనే ఉంది.

"బావా!" ఎర్రన్న గొంతే ఒక డప్పు. "పొద్దున దాలమ్మప్ప ఘటమెత్తనన్నాదట, నిజమేనా? ఊరంతా అదే మాట."

గేదెతో చెప్పిన మాట ఊరంతా ఎలా పాకిందో ఆ తల్లికే తెలియాలి.

"నిజమే ఎర్రన్నా," అంది దాలమ్మ అరుగు మీంచి. "నానింక ఎత్తను. నాది కానిది ఇన్నాళ్ళూ మోసినాను. సాలు."

ఎర్రన్నకి సగమే అర్థమైంది. "సరే అయితే, కోడలెత్తాలి. కట్టుబాటది. గెడ్డలో నీళ్ళు తొడల్దాకా వొచ్చినాయి. అమ్మోరు వంతెన మీద నడవదు కదా, నీళ్ళలోంచే పోవాల. రేఖమ్మా, ఎత్తుతావా? మాటిచ్చీ, ఎల్పోతాం."

అందరూ రేఖ వైపు చూశారు. బళ్ళలో ఆడపిల్లలకి ధైర్యం గురించి మైకులో చెప్పే రేఖ వైపు. ఈత రాదామెకి. గెడ్డ నీళ్ళలో ఎప్పుడూ కాలు పెట్టలేదు. ఎత్తుతానని చెప్పడానికి నోరు తెరిచింది.

ఆమె చెయ్యి తల్లి చేతిలో ఉంది. ఈసారి రేఖ చెయ్యి వణకడం మొదలైంది.

పార్వతీదేవి వంగి ఆ చేతిని చూసింది. తర్వాత కూతురి చెయ్యి వదలకుండానే లేచి, అరుగు దిగి, అంతమంది మగవాళ్ళ ముందుకి వచ్చి నిలబడింది. గొంతు వణికింది. అయినా మాట పూర్తిగా అంది.

"నానెత్తుతానన్నయ్యా."

"నువ్వా? నువ్వు పరాయి ఊరిదానివి కదమ్మా. ఈ ఇంటి ఘటం నువ్వెలాగ ముట్టుకుంటావు?"

"ముందోపాలి ముట్టుకున్నాను," అంది పార్వతీదేవి. "గెడ్డ కూడా దాటించినాను."

వాకిట్లో డప్పు ఆగిపోయింది.